నాలుగు ఎంబీల్లో వంతునీళ్ళు

ఉషారాణికి కుదురు లేదు. ఈ మాట ఆమె అత్తగారు శ్యామలాంబ పాలకొల్లులో చెప్పని ఇల్లు లేదు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి, వంటింటి గూట్లో అక్కర్లేని గిన్నెలు ఏమున్నాయా అని వెతికే మనిషి ఉషారాణి. కాపురానికొచ్చిన ఏడాదిలోపే ఆ ఇంట్లో పదకొండు గరిటెలు నాలుగయ్యాయి. మిగతావి ఏమయ్యాయమ్మా అని అడిగితే, "వాటితో పనేముందండి అత్తయ్యగారూ?" అంది. శ్యామలాంబ ఆ ఏడు గరిటెల్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

దేన్ని చూసినా ఇది తీసేస్తే ఏమవుతుందా అని చెయ్యి దురద పెట్టే ఇలాంటివాళ్ళతో ఇంట్లో వేగడం కష్టమే. కంప్యూటర్ల లోకంలో మాత్రం ఒక మూలన వీళ్ళకు మంచి గిరాకీ ఉంది. ఉషారాణి ఆ మూలనే పట్టుకుంది.

ఆమె ఊరి బయట పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. ల్యాబ్ వెనక స్టోరు గదిలో పాత వైఫై రౌటర్లు గుట్టగా పడి ఉండేవి. పారేయమన్నారు. ఉషారాణి అక్కర్లేనివి పారేస్తుంది గానీ పనికొచ్చేవి పారేయదు. ఆ డబ్బాలను విప్పి చూసింది. ఒక్కోదాంట్లో ప్రోగ్రాములు దాచుకునే జాగా నాలుగు ఎంబీలు. ఇవాళ్టి ఫోనుతో తీసిన ఫోటో ఒకటి పట్టాలన్నా ఇబ్బందే. అందులో లైనక్స్ ఇరికించాలని ఆమె పంతం. లైనక్స్ అంటే ఎవరైనా డబ్బు కట్టకుండా తీసుకుని, విప్పదీసి, తమ కొలతకు మళ్ళీ కుట్టుకోగలిగిన సిస్టమ్. పెద్ద సర్వర్లలో నడిచేదీ అదే, ఈ డబ్బాల్లో నడవగలిగేదీ అదే. కొలత సరిగ్గా తీయడంలోనే పనంతా ఉంది.

ఆ కొలతల కోసం ఆమె రెండేళ్ళు పడిన ఆరాటం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, కాసేపయ్యాక భయమూ వేస్తుంది. కుక్కర్ మూడో కూత వేస్తుంటే ఈవిడ నలభై కేబీలు ఎక్కడ మిగులుతాయా అని ఆలోచిస్తూ నాలుగో కూత రానిచ్చేది. భర్త సత్తిరాజు ఎరువుల కొట్లో గుమాస్తా. పొద్దుటే టీ తాగుతూ పేపరు చదువుతున్న ఆయన్ని ఆపి, "ప్రింటరు నడిపే ముక్క తీసేశానండి, ఇంకా పావు ఎంబీ కావాలి" అనేది. ఆయన "ఆయ్, తీసెయ్" అని పేపరు తిప్పేవాడు. అలా ప్రింటరు పోయింది, పెన్‌డ్రైవు పోయింది, బొమ్మల తెర పోయింది. ఏం జరిగిందో రాసిపెట్టే చిట్టాలో గంటలూ నిమిషాలూ ఎందుకని అవీ తీసేసి తారీకు ఒక్కటే ఉంచింది. చివరికి సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నలూ, చిన్నచిన్న ఆదేశాలన్నీ ఒకటే మూటగా కట్టిన ప్రోగ్రాము ఒకటీ, దూరం నుంచి లోపలికి వెళ్ళే తలుపు ఒకటీ మిగిలాయి. డబ్బా ఎనిమిది సెకన్లలో లేచి కూర్చుంది. ఆ రోజు ఉషారాణి కూడా కూర్చుంది, ఒక పది నిమిషాలు.

ఇంత చిన్న సిస్టమ్ చేసి ఏం చేసుకుంటావని అడిగినవాళ్ళకు జవాబు కాలువ మీద దొరికింది.

పాలకొల్లుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక నీటి సంఘం ఉంది. దాని ప్రెసిడెంటు సూర్యప్రకాశం రిటైరైన హెడ్మాస్టరు. ఆ సంఘం కింద కాలువ మీది ఒక తూము దగ్గర నీళ్ళు చేలకు నీరందించే రెండు పంటబోదెలుగా చీలతాయి. ఒకటి తూర్పు బోదె, రెండోది శివారు బోదె. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలవు కాబట్టి వంతులు. మూడు రోజులు వీళ్ళకి, మూడు రోజులు వాళ్ళకి. నీళ్ళను ఒక బోదె నుంచి రెండోదానికి మళ్ళించే తూము పలక తిప్పడానికి లస్కరు పెద్దిరాజు ముప్పై నాలుగేళ్ళుగా సైకిలు మీద వస్తున్నాడు. ఈ మధ్య ఆయనకు మోకాళ్ళు సహకరించడం లేదు. పలకకు చిన్న మోటారు పెట్టి, దాన్ని నడిపే పని ఒక రౌటరు డబ్బాకు అప్పగిస్తానని ఉషారాణి ముందుకొచ్చింది. సోలారు పలక మీద నడుస్తుంది, సెలవు పెట్టదు, జీతం అడగదు. సూర్యప్రకాశం మురిసిపోయాడు. ఇది కుదిరితే కాలువ మీది మిగతా పన్నెండు తూములకూ పెట్టిద్దామన్నాడు.

ఉషారాణి పెద్దిరాజును కలిసి వంతులెలా మారతాయో అడిగింది.

"మూడేసి రోజులండి. ఒకటో తారీకు శివారు బోదెకి, నాలుగో తారీకు తూర్పు బోదెకి, మళ్ళీ ఏడో తారీకు శివారుకి. ఆయ్, అంతేనండి."

ఆమె రాసుకుని స్కూటీ ఎక్కింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో. రెండేళ్ళు డబ్బాకిచ్చిన మనిషి, పెద్దిరాజుకు నాలుగు నిమిషాలిచ్చింది.

డబ్బా పెట్టిన రెండు నెలలూ పని సాఫీగా నడిచింది. తెలతెలవారుతుండగా పలక దానంతటదే తిరిగేది. పెద్దిరాజు సైకిలు దిగి చూసుకుని, "మీ డబ్బా భలే తెలివైందండి, సరిగ్గా టయానికి తిప్పేత్తంది" అని ఫోను చేసేవాడు. ఉషారాణి పొంగిపోయేది. ఏ టైముకని మాత్రం అడగలేదు. పొగుడుతున్నవాణ్ణి ఆపి ప్రశ్నలెవరడుగుతారు!

మార్చిలో ఒకరోజు పైఆఫీసు నుంచి ఒక కుర్ర ఇంజనీరు చూడ్డానికొచ్చాడు. సంఘం ఆఫీసులో ల్యాప్‌టాప్ పెట్టి ఉషారాణి డబ్బా లోపలి సంగతులన్నీ చూపిస్తోంది. చుట్టూ రైతులున్నారు. అతను తెర మీదికి వంగి, గోడ గడియారం కేసి చూసి, పకాలున నవ్వాడు.

"ఇక్కడ పదిన్నరైందండి. మీ డబ్బాలో ఇంకా ఐదే! టైమే తెలీని డబ్బా నీళ్ళేం పంచుతుందండి?"

అందరూ నవ్వారు. ఉషారాణికి ఒళ్ళు మండిపోయింది. తప్పు ఆమెకు చూడగానే తెలిసింది. ఈ డబ్బాలకు సొంత గడియారం ఉండదు, నెట్‌ని అడిగి తెలుసుకుంటాయి. నెట్ చెప్పేది గ్రీనిచ్ సమయం. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఆ తేడా కలుపుకోమని చెప్పే ఒక్క వరస ఆమె రాయలేదు, అప్పట్లో అదీ అక్కర్లేదనిపించింది. అక్కడికక్కడే రాసేసింది. అరనిమిషంలో తెర మీద పదిన్నర వచ్చింది. ఇంజనీరు భేష్ అన్నాడు. ఉషారాణి అవమానం తుడుచుకుపోయిందని అనుకుని, ఇంటికెళ్ళి కడుపునిండా భోజనం చేసింది.

అప్పుడు శివారు వంతు రెండో రోజు నడుస్తోంది.

శివారు బోదె చిట్టచివర యెహెజ్కేలుకు ఎకరన్నర ఉంది. అంతకుమించి ఏమీ లేదు. వరి పొట్ట విచ్చి, గింజ పాలు పోసుకునే దశలో ఉంది. ఈ దశలో చేను ఎండిందా, కంకి నిలబడే ఉంటుంది గానీ లోపల గింజ ఉండదు. ఆ వంతులో యెహెజ్కేలు చేలోకి ఒక్క చుక్క రాలేదు.

రెండు రోజుల తర్వాత సంఘం సమావేశంలో యెహెజ్కేలు లేచి నిలబడ్డాడు. "నీళ్ళు మా కల్వర్టు దాకా వచ్చి ఆగిపోయాయండి. నేను ఎవర్నీ ఏమీ అనట్లేదండి. నా చేను మాత్రం నెర్రెలిచ్చింది. వచ్చే వంతులోనైనా రాకపోతే మేం తినడానిక్కూడా గింజలుండవండి."

శివారు రైతులు ఒక్కసారిగా లేచారు. తూర్పువాళ్ళు పలక ముందే తిప్పించారని ఒకరు, పెద్దిరాజు చెయ్యి తడిపారని ఇంకొకరు. సూర్యప్రకాశం ఉషారాణి వైపు చూశాడు. ఆమె చిట్టా కాయితం తీసి గట్టిగా చదివింది. ఏ తారీకున మారాలో సరిగ్గా ఆ తారీకునే డబ్బా పలక తిప్పింది.

"డబ్బాలో తేడా లేదండి. ఇదిగో, మీరే చూడండి" అంది.

డబ్బా తప్పు లేదంటే ఇక మిగిలింది మనిషే. ఆమె ఆ మాట అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. పెద్దిరాజు ఏదో చెప్పబోయాడు గానీ కేకల్లో వినబడలేదు. సంగతి తేలేదాకా తూము ఛాయలకు రావద్దని సూర్యప్రకాశం అతనికి చెప్పాడు. పెద్దిరాజు ఉషారాణి కేసి ఒక్కసారి చూసి, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ చూపు ఆమెను తిననివ్వలేదు. ల్యాబ్‌లో ఇంకో డబ్బా బల్ల మీద పెట్టి, తారీకులు మార్చి మార్చి నడిపించింది. ప్రతిసారీ సరిగ్గానే తిప్పింది. మళ్ళీ చూసింది. లేచి తిరిగింది. పంకా వేసింది, ఆపింది. అన్నీ సరిగ్గా ఉంటే నీళ్ళెక్కడికి పోయాయి? "ఏంటమ్మా ఆ తిరగడం, కాళ్ళకి చక్రాలున్నాయా?" అని ఇంట్లో శ్యామలాంబ విసుక్కుంది.

ఇంతలో శివారు వంతు మళ్ళీ వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం యెహెజ్కేలు కాలేజీకి వచ్చి, ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతిలో రెండు కంకులున్నాయి.

"అమ్మగారండీ, రేపు తెల్లారితే మా వంతు అయిపోద్దండి. నీళ్ళింకా కల్వర్టు దాకా కూడా రాలేదు. మీ డబ్బాని ఓసారి అడుగుతారేమోనని వచ్చానండి."

డబ్బాని అడగమంటున్నాడు! ఉషారాణికి సిగ్గేసింది. ఒక కంకి తీసుకుని గింజ నొక్కింది. పాలు రావాల్సిన చోట పొట్టు చేతికంటింది. స్కూటీ తీసి అతని మోపెడ్ వెనకే వెళ్ళింది.

ఇద్దరూ శివారు బోదె గట్టు వెంట నడిచారు. రెండు నెలలుగా ఈ బోదెకు నీళ్ళు పంచుతున్న ఉషారాణి దాని గట్టు ఎక్కడం అదే మొదలు. బోదెలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. పక్కన మురుగు కాలువ మాత్రం నిండుగా పారుతోంది.

"ఇందులోకిన్ని నీళ్ళెక్కడివండి?" అని అడిగింది.

"మా నీళ్ళేనండి అవి. ఈసారి మా వంతు రాత్రిపూట మొదలెట్టారు కదండీ. పైచేల మడవలన్నీ తెరిచే ఉన్నాయి, మూసేవాళ్ళెవరూ లేరు. పైచేలు నిండిపోయి, మిగిలిందంతా డ్రైన్లో పడిపోయింది. మేం తెల్లారి వచ్చి చూత్తే అప్పటికే ఇలాగుంది. గట్లు కోసుకుపోయి, మడవలు మూసినా ఇంకా కారతానే ఉన్నాయండి."

"రాత్రి మొదలెట్టడమేంటండి?"

"అదేనండి మాకూ తెలీందే. వంతెప్పుడూ తెల్లారగట్ల కదండీ మారేది. ఎలుగొచ్చాక నీళ్ళతోపాటు మేమూ నడుత్తాం, మడవలు మూసుకుంటా. చివర్న మా చేలోకి నీళ్ళెక్కేది ఆఖరి రోజు రాత్రి మొదలెడితే తెల్లారేదాకానండి. ఆ నాలుగైదు గంటలే మాకు దక్కేది."

ఉషారాణి గట్టు మీద అలాగే నిలబడిపోయింది. ఐదున్నర గంటలు. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి తారీకు మారేటప్పటికి ఇక్కడ పొద్దుట ఐదున్నర. ఆమె గడియారం తప్పుగా ఉన్న రెండు నెలలూ వంతు తెల్లవారి మారింది, ఊరి లెక్కకు సరిపోయింది. ఆమె గడియారాన్ని సరిచేసిన రోజు నుంచీ అర్ధరాత్రి మారుతోంది. మొదటి వంతులో యెహెజ్కేలుకు దక్కాల్సిన ఆఖరి గంటలు తూర్పు బోదెకు పోయాయి. ఈ వంతులో మొదటి గంటలు మురుగు కాలువ పాలయ్యాయి. గంటలు రాయని చిట్టా పట్టుకుని, ఆమె నలుగురిలో నిలబడి తేడా లేదని చదివింది. పెద్దిరాజుకు దొంగ అన్న పేరు తెచ్చిపెట్టింది తనే. తన మీద తనకు అసహ్యం వేసింది.

ఈ రాత్రి పన్నెండింటికి పలక మళ్ళీ తూర్పుకు తిరిగిపోతుంది. డబ్బాకు నెట్ అందేది సంఘం ఆఫీసు నుంచే, అక్కడ పొద్దుటినుంచీ కరెంటు లేదు, నెట్ లేదు, దూరం నుంచి ఏదీ మార్చడానికి లేదు. ఉషారాణి స్కూటీని తూము దగ్గరికి ఉరికించింది. పొద్దు వాలుతోంది. పెట్టె తెరిచి, డబ్బాకు కరెంటు అందించే తీగ పట్టుకుని లాగేసింది. రెండేళ్ళ పని మీది చిన్న దీపం ఆరిపోయింది. పలక శివారు వైపే ఉండిపోయింది.

అట్నుంచటే పెద్దిరాజు ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"లేవకండి పెద్దిరాజు గారూ. డబ్బా అర్ధరాత్రి తిప్పుతోందండి. తప్పు నాది."

"తెలుసండి" అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఆ రోజు తెల్లారి వెళ్ళేసరికే తూర్పు బోదెలో నీళ్ళు రెండో కల్వర్టు దాటేశాయండి. ఐదారు గంటల ముందే తిరిగిందని అప్పుడే అనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదండి?"

"కంప్యూటరు మారిందంటే పైనుంచి ఆర్డరేమో అనుకున్నానండి. సమావేశంలో చెబుదామనుకుంటే, మీరు కాయితం చదివేశారు కదండీ. ఇంకెవరూ నన్నడగలేదు."

ఉషారాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెల్లారగట్ల తూము దగ్గరికి వచ్చి పలక చేత్తో తిప్పమని బతిమాలింది. సంఘం రావద్దంది కదండీ అన్నాడు. నేను పిలుస్తున్నానండి, మాట నేను పడతాను అంది.

మర్నాడు వెలుగొచ్చే వేళకు యెహెజ్కేలు చేలో నీళ్ళున్నాయి. ఎకరం తడిసింది. మెరక మీదున్న అరెకరంలో కంకులు అప్పటికే తెల్లబడిపోయాయి. ఇక వాటికి ఎంత నీరు పెట్టినా ఒకటే. యెహెజ్కేలు చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, తడిసిన వైపు చూడకుండా తెల్లబడిన వైపే చూస్తున్నాడు. పెద్దిరాజు పలకను తూర్పుకు తిప్పి, ఎవరి కంటా పడకుండా సైకిలెక్కాడు.

పదింటికి సమావేశం పెట్టించింది ఉషారాణి. ముందుగా సూర్యప్రకాశానికి సంగతంతా చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"చూడమ్మా. పన్నెండు తూముల సంగతి పైఆఫీసువాళ్ళు ఒప్పుకునేలా ఉన్నారు. ఇప్పుడీ మాట బయట పడితే ఇక ఎవ్వరూ ఒప్పుకోరు. పెద్దిరాజు ఎలాగూ వచ్చే నెల రిటైరైపోతున్నాడు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు. నువ్వు నెమ్మదిగా సరిచేసేసుకో."

ఒక్క క్షణం ఆమెకు ఆ మాట తియ్యగానే తోచింది. అబద్ధం ఆడడమెందుకు, తోచింది. పన్నెండు తూములూ, పన్నెండు డబ్బాలూ కళ్ళ ముందు కదిలాయి. ఆ వెంటనే లేచి తలుపు తీసి బయటికొచ్చి, కూర్చున్నవాళ్ళందరి ముందూ చెప్పేసింది. నేను గడియారం మార్చాను, వంతు ఎప్పుడు మారుతుందో తెలుసుకోలేదు, పెద్దిరాజు గారు ఆ రోజు పలక ముట్టుకోలేదు.

కేకలు లేచాయి. ఆ డబ్బా పీకి కాలువలో పారెయ్యమన్నారు. పన్నెండు తూముల మాట అక్కడితో అయిపోయింది. గోల కాస్త తగ్గాక యెహెజ్కేలు, "మరి నా అరెకరం సంగతేంటండి?" అన్నాడు. ఒకరొకరే లేచి చెప్పులు వెతుక్కున్నారు.

అందరూ వెళ్ళాక మెట్ల మీద పెద్దిరాజు కనబడ్డాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"డబ్బా మళ్ళీ పెట్టండమ్మా" అన్నాడు.

"ఇంకా ఏం డబ్బా అండీ! మీరొక్కరు చాలు."

"నేనెన్నాళ్ళండి? వచ్చే నెల నేనెళ్ళిపోతే నా జాగాలో ఇంకెవర్నీ వెయ్యరంటండి. మరి శివారోళ్ళకి తెల్లారగట్ల నీళ్ళెవరు తిప్పుతారు?"

ఉషారాణి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. లోపలి ఆరాటం తగ్గలేదు, కాళ్ళు లేచిపొమ్మంటూనే ఉన్నాయి. గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"మొదట్నించీ చెప్పండి పెద్దిరాజు గారూ. వంతు తెల్లారే ఎందుకు మారాలి? మబ్బు పట్టిన రోజు ఎలా? వానొస్తే? గండి పడితే ఎవరి రోజు ఎవరికి పోతుంది?"

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ముప్పై నాలుగేళ్ళండి" అన్నాడు. "ఎందుకని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

తర్వాత గొంతు సవరించుకుని, రాసుకోండి అన్నాడు.